ఎనిమిదో చప్పుడు

కాలేజీ తెరిచిన మొదటి వారంలోనే ప్రమేయాల పాఠం వస్తాది. గిద్దలూరులో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్తా నేను. బోర్డు మీద రెండు గుడ్లు గీస్తా. ఎడమ గుడ్డులో నాలుగు చుక్కలు, కుడి గుడ్డులో మూడు. బాణాలు గీస్తా. "ఎడమ పక్కది ప్రదేశం, డొమైన్. ఏమేం లోపలికి పోవచ్చో అది. బాణాలు పోయి తగిలిన చుక్కలన్నీ వ్యాప్తి, రేంజ్. బయటికి ఏమేం వస్తాయో అది" అంటా. అప్పుడు ఎవరో ఒక పిల్ల లేస్తాది. ఏటా ఎవరో ఒకరు లేవాల్సిందే. "మేడం, రేంజ్ చూసి డొమైన్ చెప్పేయొచ్చు కదా?"

"చెప్పలేం. కూర్చో" అంటా.

నా గొంతులో కసురు నాకే వినపడతాది. పిల్లలు నన్ను వెనకమాల కారంపొడి మేడం అంటారని తెలుసు. అననీ. కోపం నాకు పుట్టుకతోనే ఉంది. కానీ ఆ ప్రశ్నకు వచ్చే కోపం మాత్రం పుట్టుకది కాదు. ఆ పిల్ల మొహం చూసి పాపం అనిపిస్తాది, మళ్ళీ పిలిచి మెల్లగా చెప్తా. చెప్తన్నంతసేపూ చెవులు కిటికీ వైపే ఉంటాయి.

మాది మార్కాపురం పక్కన, పలకల గనుల్ని ఆనుకోని ఉన్న కాలనీ. మా నాయన గనిలో తూటాలు పెట్టే మనిషి. డ్రిల్లు మిషన్‌తో రాతికి బెజ్జాలు వేస్తారు. నాయన వాటిల్లో మందు కూరి, వత్తులు పెట్టి, కూలోళ్ళందరినీ పైకి పంపించి, కడాకు ఒక్కడే కింద నిలబడి వత్తులు ఎలిగించి పైకి వస్తాడు. వెనకనే రాయి పగులుతాది. నాయనకు తోడు చిన్నాయన, నాయన తమ్ముడు. పెళ్ళి కాలా. మా ఇంట్లోనే తిండి, మా వసారాలోనే పడక. ఒక దినం అన్న ఎలిగిస్తే ఒక దినం తమ్ముడు ఎలిగిస్తాడు. కింద ఒకరుంటే పైన ఇంకొకరు విజిల్ పట్టుకోని ఉండాల.

ఆ విజిల్ సంగతి చెప్పాల. ఎన్ని తూటాలు పెడితే అన్నిసార్లు విజిల్ ఊదడం మా గని పద్ధతి. ఏడు ఊదినారంటే ఏడు పేలాల. అన్నం పొద్దుకు విజిల్ మొదలైతే కాలనీలో ఆడోళ్ళు ఎక్కడి పని అక్కడ ఆపేసేవాళ్ళు. మా అమ్మ కిటికీ గట్టు మీద చింతపిక్కల డబ్బా పెట్టుకోని ఉండేది. విజిల్‌కు ఒక పిక్క తీసి గట్టు మీద పెడతాది. పేలుడుకు ఒక పిక్క ఎత్తి డబ్బాలో వేస్తాది. గట్టు ఖాళీ అయితే "గండం గడిచింది తల్లీ" అని కళ్ళకద్దుకోని అన్నం వార్చను పోతాది. పక్కింటి అత్త గోడ మీద బొగ్గుతో గీతలు గీసి కొట్టేసేది. ఎవరి లెక్క వాళ్ళది. లెక్క పెట్టని ఆడమనిషి మాత్రం ఆ కాలనీలో లేదు.

ఒక పిక్క మిగిలిందా, ఇంక చూడాల. కుక్క అరిచినా "ష్" అంటారు. అమ్మ ఆ మిగిలిన పిక్క మీద వేలు పెట్టి అట్లనే నిలబడి ఉంటాది. పప్పు మాడిపోతన్నా కదలదు. రెండు తూటాలు ఒకేసారి పేలి ఒకటే చప్పుడు వచ్చి ఉండొచ్చు. లేకపోతే ఒకటి పేలకుండా లోపల పడుకోని ఉండొచ్చు, ఎప్పుడన్నా లేచి పేలొచ్చు. రెంటికీ తేడా పైనుంచి తెలియదు. బాగా సేపు ఆగి, పొగంతా పోయినాక, ఎవరు ఎలిగించినారో వాళ్ళే ఒంటరిగా దిగి చూడాల. వేరేవాళ్ళను పంపించకూడదు. అది ఎవరు పెట్టిన కట్టుబాటో తెలియదు, గని అంత పాతది.

నేను ఇంటర్ మొదటేడు మార్కాపురంలో చదివినా, తెలుగు మీడియం. మా లెక్కల సారుకు టేబుల్ చరవడం అలవాటు. వర్గమూలం లోపల పదహారులో నుంచి ఎక్స్ స్క్వేర్ తీసేసిన ప్రమేయం బోర్డు మీద రాసి "ఎక్స్ మూడు అనుకోండి. పదహారులో తొమ్మిది పోతే ఏడు. రూట్ ఏడు వచ్చింది. సుఖం. మైనస్ మూడు అనుకోండి. మళ్ళీ రూట్ ఏడే. అదీ సుఖమే. ఇప్పుడు అయిదు అనుకోండి. పదహారులో ఇరవై అయిదు పోవాల. రూట్ లోపల మైనస్ తొమ్మిది!" అని టేబుల్ మీద ఫట్టున చరిచేవాడు. "చచ్చె! ప్రమేయం చచ్చె! అయిదును లోపలికి ఎవుడు పంపించినాడు? పంపించే ముందు చూసుకోవద్దా? మైనస్ నాలుగు నుంచి నాలుగు దాకా దాని ఇల్లు. ఇల్లు దాటి పోకూడదు."

అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వినా.

"రెండు బాణాలు వచ్చి ఒకే చుక్కకు తగలొచ్చు, తప్పు లేదు. రూట్ ఏడుకు మూడు నుంచీ వచ్చె, మైనస్ మూడు నుంచీ వచ్చె. అందుకే రేంజ్ చూసి వెనక్కి పోలేరు. ఒక చుక్క నుంచి రెండు బాణాలు బయలుదేరినాయా, అది ప్రమేయమే కాదు. అవతల పారేయండి" అన్నాడు సారు. ఈ ముక్క దగ్గర నా నవ్వు ఆగిపోయింది. నాకు అమ్మ కిటికీ గట్టు కనపడింది. విజిళ్ళు ఎడమ గుడ్డు. చప్పుళ్ళు కుడి గుడ్డు.

ఆ మధ్యాహ్నం ఇంట్లో పగిలిన పలక ముక్క మీద సుద్దతో గుడ్లు గీసి నాయనకు చూపించినా. మా ఇంట్లో పలక ముక్కలకేం కొదవ, గోడలకు, గచ్చుకు, నీళ్ళ కుండ మీద మూతకు కూడా అవే. నాయన, చిన్నాయన పక్క పక్కన కూర్చోని అన్నం తింటన్నారు. చిన్నాయన నెత్తి మీద ఇంకా రాతి దుమ్ము ఉంది.

"ఏడు పోతే ఆరు వస్తే రెండు బాణాలు ఒకచోట తగిలినట్టు. లేదంటే ఒక చుక్కకు బాణమే లేనట్టు. బయట ఆరు చప్పుళ్ళు చూసి ఏది జరిగిందో చెప్పలేం నాయనా" అన్నా.

"ఓహో. ఈ ముక్క కోసరం నిన్ను కాలేజీకి పంపిస్తన్నామా?" అన్నాడు చిన్నాయన. "మా తాత నిక్కరు లేనప్పటి నుంచి చెప్తన్నాడు కదమ్మా ఇది. వదినా, లెక్కల మేడానికి ఇంకొంచెం చెనిక్కాయల పచ్చడి వెయ్యి, తెలివి ఎక్కువై నీరసపడతాది."

"నీ నోట్లో నువ్వుగింజ నానదు గదా" అన్నది అమ్మ, నవ్వుతానే.

చిన్నాయన అంటే నాకు ప్రాణం. ఇద్దరికీ నిమిషం పడదు. నా పుస్తకాలకు అట్టలు వేసేది ఆయనే, వేసి వాటి మీద మీసాలు గీసేది ఆయనే. పచ్చడి లేకుండా అన్నం ముట్టడు. ఉల్లిగడ్డ చేత్తో పగలగొట్టుకోని తింటాడు. ఆ మాటల మధ్యలోనే నాయన మెల్లగా అన్నాడు, "ఏది జరిగిందో చెప్పలేం గానీ, పోయి చూస్తే తెలుస్తాది పాపా."

పోయి చూసేది ఎవరని నేను అడగలా. చూసేవాళ్ళు ఇద్దరూ నా ఎదురుగానే తింటన్నారు.

దసరా దాటినాక గని కొండ వైపుకు తిరిగింది. పాత పక్క మంచి పలక అయిపోయిందని మేస్త్రి ఆ వైపు తవ్వించినాడు. మేస్త్రి అంటే యజమాని తరఫున మమ్మల్నందరినీ అదిలించే మనిషి, ఎప్పుడు చూసినా లారీ నిలబడి ఉంది లారీ నిలబడి ఉంది అంటాడు. గని లోతుకు లోతు, ఎదురుగా నున్నగా కోసిన కొండ. అప్పటి నుంచి చప్పుడులో ఏదో తేడా వచ్చింది. ఏందో చెప్పలేకపోయేదాన్ని. ఇంట్లో గిన్నెలు ఇంతకుముందు కంటే ఎక్కువ సేపు వణికేవి.

ఒక సెలవు దినం ఇంట్లోనే ఉన్నా. విజిల్ ఏడు సార్లు వచ్చింది. అమ్మ ఏడు పిక్కలు పేర్చింది. పేలుళ్ళు మొదలైనాయి. ఒక్కొక్క పిక్కా డబ్బాలో పడింది. గట్టు ఖాళీ. అమ్మ కళ్ళకద్దుకునే లోపల ఇంకొక చప్పుడు వచ్చింది.

అమ్మ ఖాళీ గట్టు వైపు చూసింది, డబ్బా వైపు చూసింది.

"విజిల్ ఒకటి మనం వినలేదేమోలే" అన్నది.

"నేను విన్నా. ఏడే."

"అయితే ఏందంట? తక్కువ వస్తే కదా భయం."

అన్నానికి వచ్చినప్పుడు చిన్నాయన కూడా అదే మాట అన్నాడు. ఇంకా నవ్వుతా అన్నాడు. "కొండ పలుకుతాందమ్మా. పైన పిల్లకాయలు కేకలేసి ఆడుకుంటన్నారు. ఎక్కువైతే మంచిదేలే, ఒకటి కొసరు అనుకో. దుకాణంలో కొసరు వేస్తే వద్దంటామా?"

నాకు ఒళ్ళు మండింది. ఒక చుక్క నుంచి రెండు బాణాలు పోతే ఆ లెక్కే లెక్క కాదు, అవతల పారేయమన్నాడు సారు. ఒకటి ఎక్కువ వచ్చిననాడు తెలిసిపోతాది, బాగానే ఉంది. ఆరే పేలి, ఒకటి పడుకోని, దానికి కొండ చప్పుడు ఒకటి కలిసిందనుకో. ఏడుకు ఏడు! గట్టు ఖాళీ! అమ్మ అన్నం వారుస్తాది, ఎలిగించినాయన ధైర్యంగా దిగుతాడు. తక్కువ వస్తే భయపడి ఆగుతారు, ఎక్కువ వస్తే నవ్వుతారు, సరిపోతే దిగుతారు. ఆ సరిపోవడమే నమ్మకూడదు కదా! ఇది చెప్పినా. అరిచి చెప్పినా.

"తూ, నీ నోరు పాడుగాను. అన్నాల కాడ ఏం మాటలవి?" అని అమ్మ నెత్తిన ఒకటి మొట్టింది.

"కీడెంచి మేలెంచమన్నారు కదా మీరే!"

చిన్నాయన నవ్వాపలా. నాయన మాత్రం అన్నంలో చేయి పెట్టి అట్లనే ఉండిపోయినాడు.

ఆ తర్వాతి ఆదివారం గనికి సెలవు. నాయన నన్ను వెంటబెట్టుకోని పోయినాడు. గని అంచున ఎవరూ లేరు. కింద నీళ్ళు నల్లగా మడుగు కట్టి ఉన్నాయి. నాయన ఒక ఇనప బకెట్ బోర్లించి, సుత్తితో ఒక దెబ్బ కొట్టినాడు. ఠంగుమన్నది. కొంచెం ఆగి, కొండ ఠంగుమన్నది. మళ్ళీ కొట్టినాడు. మళ్ళీ పలికింది. ఈసారి రెండు దెబ్బలు గబగబా కొట్టినాడు. ఎన్ని చప్పుళ్ళు వచ్చినాయో నాకే తెలియలా, మూడన్నట్టుంది, నాలుగన్నట్టుంది.

నాయన సుత్తి కింద పెట్టి రాయి మీద కూర్చున్నాడు. అంత ఎండలో చేతుల మీద రోమాలు లేచి ఉన్నాయి.

"ఈ పక్కకు తిరిగి ఎన్నాళ్ళయింది పాపా? ఇన్నాళ్ళూ లెక్క సరిపోయిందని దిగినాం కదా నేనూ వాడూ" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. నాయన ఎప్పుడూ భయపడినట్టు కనపడింది లేదు నాకు. పడుకున్న తూటా మీదుగా ఎన్నిసార్లు నడిచినారో, దాని అదృష్టమో వీళ్ళ అదృష్టమో. కొండ ఎదురుగా మౌనంగా ఉంది. ఒక రాయి తీసుకోని దాని మొహాన కొట్టాలనిపించింది. కొట్టినా కూడా. అది పోయి నీళ్ళల్లో పడింది, ఆ చప్పుడు కూడా రెండుసార్లు వినపడింది.

మరుసటి దినం నుంచి నాయన వత్తుల పొడుగు మార్చినాడు. ఒకదానికంటే ఒకటి బాగా పొడుగు. ఒక తూటా పేలి, దాని కొండ చప్పుడు కూడా వచ్చి పోయినాక గానీ రెండోది పేలకూడదు. దభీమని ఒకటి, వెనకాల దాని నీడ ఒకటి. జంటకు ఒక పిక్క. ఆయన ఎలిగించిననాడు అమ్మకు తడబాటే లేదు. నేను పలక మీద గీసినా, ఎడమ గుడ్డు నుంచి కుడి గుడ్డుకు ఒక్కొక్క చుక్కకు ఒక్కొక్క బాణం. చూస్తే కళ్ళకు చల్లగా ఉండేది.

మేస్త్రికి మాత్రం చల్లగా లేదు. వత్తి దండగ, పొద్దు దండగ, అటు లారీ నిలబడి ఉంది అని సణుగుడు. నాయన ముందర గట్టిగా అనడు, చిన్నాయన వంతు వచ్చిననాడు పక్కనే చేరి అంటాడు. చిన్నాయన ఎవరికీ కాదనలేడు, అదొక జబ్బు ఆయనకు. నాయన పైన నిలబడి ఉంటే ఎడం ఇచ్చి పెట్టేవాడు. నాయన కొంచెం అటు పోయినాడా, కురచ వత్తులే. ఇంటికొచ్చినాక అన్నదమ్ములు వసారాలో గట్టిగా మాట్లాడుకోవడం వినపడేది. "ఏంది రా నీకు ఆ తొందర?" "ఏం కాదులే అన్నా." ఏం కాదులే అన్నా. ఆ మాట విన్నప్పుడల్లా చదువుతన్న పుస్తకం మూసేసేదాన్ని. ఒకసారి నేనే అడిగినా, "నీకు ఏమన్నా అయితే?" అని. "అయితే నా వాటా పచ్చడి నువ్వే తిను" అన్నాడు.

మార్చి వచ్చింది, పరీక్షలు వచ్చినాయి. లెక్కల పరీక్ష దినం నాయన పనికి పోలా. ఎవరూ అడగలా ఆయన్ని. "లెక్కల పరీక్ష కదా, నేను తోలుకపోతా. అయిపోయేదాకా గేటు కాడనే ఉంటా" అన్నాడు. బండి మీద కూర్చున్నా. చిన్నాయన పళ్ళపుల్ల నోట్లో పెట్టుకోని వసారా గుంజకు ఆనుకోని ఉన్నాడు.

"ఏడు పెట్టు. ఎడం ఇచ్చి పెట్టు. మేస్త్రి మాట వినబాక" అన్నాడు నాయన.

"సరే అన్నా."

"నా మీద ఒట్టు వెయ్యి."

"పొద్దున్నే ఒట్లేందన్నా! పో, పిల్లకు పొద్దు పోతాంది. మేడమూ, నూటికి నూరు తెచ్చుకోని రా, ఒకటి రెండు కొసరు వేస్తే వద్దనబాక!"

నేను మూతి ముడుచుకున్నా. బండి కదిలింది.

పరీక్ష రాసే కాలేజీ ఊరి చివర, గనికి దూరంగా. విజిల్ అంత దూరం రాదు. పేలుళ్ళు మాత్రం గాలివాటున వినపడతాయి, మెత్తగా, ఎవరో పక్క వీధిలో పరుపు దులిపినట్టు. ప్రశ్నపత్రంలో నాకు తెలిసిన ప్రమేయమే వచ్చింది, వర్గమూలంలో పదహారు మైనస్ ఎక్స్ స్క్వేర్, ప్రదేశం వ్యాప్తి కనుక్కోండి. సంతోషం పట్టలేకపోయినా. కడాకు రాద్దామని దాచుకున్నా, పిల్లలు బెల్లం ముక్క దాచుకున్నట్టు. ప్రదేశం రాస్తన్నప్పుడు మొదటి చప్పుడు వచ్చింది.

చేతికి అలవాటు. ప్రశ్నపత్రం అంచున పెన్సిల్‌తో గీత పెట్టినా. రెండోది, మూడోది వెంటనే వచ్చినాయి. వెంటనే! ఎడం లేదు. చిన్నాయన మళ్ళీ కురచ వత్తులే పెట్టినాడని తెలిసిపోయింది. తిట్టుకున్నా, సాయంత్రం ఇంటికి పోయినాక చెప్తా నీ సంగతి అనుకున్నా. నాలుగు. అయిదు. ఆరు.

పెన్సిల్ పట్టుకోని కూర్చున్నా. ఫ్యాను కిర్రుమంటా తిరుగుతాంది. ఇంత దూరానికి కొండ చప్పుడు రాదు. ఆ దినం గాలికి వచ్చేవి అసలు చప్పుళ్ళే. అంటే నేను విన్న ఆరు, నిజం ఆరు. రెండు కలిసిపోయినాయా? ఒకటి పడుకుందా? కలిసిపోతే కొంచెం బరువుగా రావాల. అన్నీ ఒకే మాదిరి వచ్చినట్టుంది. చెమటకు పెన్సిల్ జారతాంది. మా అమ్మ పిక్క మీద వేలు పెట్టి నిలబడినట్టు నేను ఆ ఏడో గీత చోటున పెన్సిల్ మొన పెట్టి ఉన్నా. ఇన్విజిలేటర్ వచ్చి "ఏంటమ్మా, అయిపోయిందా?" అని అడిగినాడు. లేదు సార్ అన్నా.

అప్పుడు వచ్చింది ఏడోది. మెత్తగా, వేరేవాటి మాదిరే.

హమ్మయ్య అనుకున్నా. నిజంగా, నోరు తెరిచి ఊపిరి వదిలినా. ఏడో గీత పెట్టినా. ఏడుకు ఏడు. తల వంచుకోని వ్యాప్తి రాసినా, సున్నా నుంచి నాలుగు దాకా, రెండూ కలుపుకోని. కింద గీత కొట్టి, మళ్ళొకసారి చూసుకోని, తప్పేం లేదని తృప్తిగా పేపరు ఇచ్చి బయటికి వచ్చినా.

గేటు కాడ మిగతా పిల్లల అమ్మానాయనలు గుంపుగా ఉన్నారు, సోడా బండి చుట్టూ. మా నాయన వాళ్ళల్లో లేడు. గోడకు ఆనుకోని ఒక్కడే నిలబడి ఉన్నాడు. నన్ను చూసి ఎట్ల రాసినావు అని అడగలా.

"ఎన్ని విన్నావు?"

"ఏడు నాయనా. నాకు తెలుసు నువ్వు కూడా లెక్క పెడతాంటావని. ఏడుకు ఏడు."

"ఏడోది ఎప్పుడు విన్నావు?"

అప్పుడు వెనక్కి లెక్క వేసుకున్నా. చాలాసేపటికి. ఆరు అయినాక, ఇన్విజిలేటర్ వచ్చి పోయినాక, మనిషి ఒకడు పైనుంచి కిందికి దిగి తూటాల దాకా నడిచిపోయేంత సేపటికి.

నాయన ఫోను తీసి చిన్నాయనకు కొట్టినాడు. మందు కాడ ఫోన్లు పనికిరావని అందరూ పైన రేకుల షెడ్డులో చొక్కాలు తగిలించి, వాటి జేబుల్లోనే ఫోన్లు వదిలి దిగుతారు. పైకి వచ్చి చొక్కా తొడుక్కుంటే ఫోను ఎత్తుతారు. రింగు పోతానే ఉంది. నాయన చెవి నుంచి తీయలా. నాకు బయటికి వినపడతాంది ఆ రింగు. ఆగిపోతే మళ్ళీ కొట్టినాడు. మళ్ళీ పోయింది.

"ఎక్కు" అన్నాడు.

నాయన బండి కాలనీ దారి పట్టించినాడు. నేను పరీక్ష అట్టను రొమ్ముకు పెట్టుకోని ఆయన వీపుకు మొహం ఆనించినా. చొక్కా తడిసిపోయి ఉంది. కాలనీలో ఒక్క ఇంటి ముందరా మనిషి లేడు, తలుపులు తీసినవి తీసినట్టే ఉన్నాయి. గని వైపు నుంచి ఏడుపులు వినపడతన్నాయి. నాయన బండి నిలబెట్టలా, వదిలేసినాడు, అది పక్కకు పడిపోయింది. చెప్పుల్లేకుండా పరుగెత్తినాడు. ఆ వయసు మనిషి అట్ల పరుగెత్తడం నేను ఎప్పుడూ చూడలా.

తర్వాత తెలిసింది, మేస్త్రి లారీ నిలబడి ఉందన్నాడంట. పైన విజిల్ పట్టుకున్న మనిషి ఏడు లెక్కపెట్టినాడంట, కొండది కలుపుకోని. చిన్నాయన కూడా ఏడే లెక్కపెట్టినాడంట. సరిపోయింది కదా అని పొగ పోయేదాకా కూడా ఆగకుండా దిగినాడంట. మేస్త్రిని నేను ఈ పొద్దుటికీ తిడతా. ఆ కొండను తిడతా. ఏం కాదులే అన్నా అన్న ఆ నోటిని కూడా తిడతా, తిట్టి ఏడుస్తా.

అమ్మ మాత్రం గని కాడికి పోలా. ఇంట్లోనే, కిటికీ కింద గోడకు ఆనుకోని కూర్చోని ఉంది. గట్టు మీద ఒక్క పిక్క లేదు. పొయ్యి పక్కన చిన్నాయన పళ్ళెం, పైన పలక ముక్క మూత. నేను మూత తీసినా. అన్నం, చెనిక్కాయల పచ్చడి, పగలగొట్టని ఉల్లిగడ్డ. ఇంకా ఆవిరి వస్తాంది.

అమ్మ నా వైపు చూడకుండా చెప్పింది.

"ఏడూ అయిపోయినాయే పాపా. గబగబా వచ్చినాయి, జంట ఏదో ఒంటిది ఏదో తెలియలా. పిక్కలైతే అయిపోయినాయి. దండం పెట్టుకున్నా. వస్తాడు కదా అని అన్నం పెట్టినా. మూత పెడతాంటే ఇంకోటి వినపడింది." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, మళ్ళీ తీసేసింది. "ఎక్కువైతే మంచిదేలే అనుకున్నా."